ఆకు పసరు క్రిములను అణచునా? ప్రయోగశాల పరీక్ష – దాని హద్దులు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో నాయకరాజుల కాలం నుండి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకే మొక్కకు రెండు పేర్లు వినిపిస్తాయి. తెలుగులో వావిలి, తమిళంలో నొచ్చి. తెలుగులో కుప్పింటాకు, తమిళంలో కుప్పైమేని. గజ్జికి, పుండ్లకు ఇటువంటి ఆకుల పసరు పూయుట పెద్దల నాటి అలవాటు. ఆ పసరుకు క్రిములను అణచే గుణం ఉన్నదా అని తెలుసుకొనుటకు శాస్త్రీయ పద్ధతి ఉన్నది.

పరీక్షా విధానం

మొదట మొక్కను సరిగా గుర్తించాలి. ఆకులను కడిగి, నీడలో ఆరబెట్టి, పొడి చేసి, నీటిలోను, ఇథనాల్‌లోను వేర్వేరుగా నానబెడతారు. వడకట్టి ద్రవాన్ని ఆవిరి చేయగా మిగిలినదే సారం.

పళ్ళెంలో గడ్డకట్టిన అగర్ పొరపై బాక్టీరియాను పరుస్తారు. అగర్ సముద్రపు నాచు నుండి లభించే పదార్థం. మన్నార్ సింధుశాఖ నాచుతో దానిని తయారుచేసే పరిశ్రమ మదురైలోనే వెలసింది. సారం పట్టించిన 6 మి.మీ. కాగితపు బిళ్ళలను ఆ పొరపై ఉంచి, 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో 18 నుండి 24 గంటలు ఉంచుతారు. బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఏర్పడితే దాని వ్యాసాన్ని కొలుస్తారు. ప్రక్కనే ఉత్త ఇథనాల్ పట్టించిన బిళ్ళ, తెలిసిన యాంటీబయాటిక్ బిళ్ళ ఉండాలి. లేనియెడల ఆ వలయం ఆకు వలన ఏర్పడినదో, ఇథనాల్ వలన ఏర్పడినదో తేలదు.

ఫలితం చెప్పేదేమి?

చీముపుండ్లకు కారణమయ్యే స్టాఫిలోకోకస్ ఆరియస్ సాధారణంగా ఆకు సారాలకు లొంగుతుంది. ఈ-కోలి వంటి వాటికి అదనంగా వెలుపలి పొర ఉండుటచే అంత తేలికగా లొంగవు. వలయం పెద్దదైనంత మాత్రాన మందు గొప్పదని కాదు. అగర్‌లో సులభంగా వ్యాపించే పదార్థం పెద్ద వలయాన్నే ఇస్తుంది. అందుచేత క్రిమి పెరుగుదలను ఆపే కనిష్ఠ మోతాదును, ఆపై మనిషి కణాలకు కలిగే హానిని కూడా పరీక్షించాలి.

ఇంటిలో జాగ్రత్త

ప్రయోగశాల సారం వేరు, రోటిలో నూరిన పసరు వేరు. మట్టి అంటిన పచ్చి ఆకుపై ధనుర్వాత క్రిమి బీజాలు ఉండవచ్చు. కనుక పసిబిడ్డ బొడ్డుకు, లోతైన గాయానికి పసరు పూయరాదు. మన దేశంలో బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా నిర్మూలమైనట్లు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ మేలు టీకాల వలన, శుభ్రమైన కాన్పుల వలన కలిగినది. జ్వరంతో కూడిన చీముపుండును, మధుమేహం ఉన్నవారి కాలిపుండును ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి.

ఆకుల పేర్లను రెండు భాషలలోనూ పిల్లలకు నేర్పండి. రేపు వారిలో ఒకరు ఆ మొక్కను సరిగా గుర్తించి పరీక్షకు పెట్టగలరు.