అనుసంధాన పరీక్షల చరిత్రలో ‘జ్ఞా’: 2018 నాటి ఘటన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు స్తంభిస్తున్నాయన్న వార్త ప్రపంచమంతటా వ్యాపించింది. దోషం అక్షరంలో కాక సాఫ్ట్‌వేర్ భాగాల కలయికలో ఉందని, ఆ ఘటనను అనుసంధాన పరీక్షల చరిత్రలో భాగంగా చూడవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనుసంధాన పరీక్ష, యూనికోడ్, సంయుక్తాక్షరం, మొబైల్ అనువర్తనాలు.

1. ఉపోద్ఘాతం

పదాలు విడివిడిగా సాధువులే అయినా వాటి కలయికలో మార్పు కలుగుతుందని వ్యాకరణంలోని సంధి ప్రకరణం బోధిస్తుంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోనూ కలయికకు అంతే ప్రాధాన్యం ఉంది. ఒక్కొక్క భాగాన్ని వేరుచేసి పరిశీలించడం యూనిట్ టెస్ట్. భాగాలను కలిపి, ఒకదాని నుండి మరొకదానికి సమాచారం అందే చోటును పరిశీలించడం ఇంటిగ్రేషన్ టెస్ట్. దీనినే అనుసంధాన పరీక్ష అనవచ్చు.

ఈ రెండవ పరీక్ష ఎంత అవసరమో 1999లో నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నిరూపించింది. భూమిపై ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ నౌకలోని చిన్న ఇంజన్ల ప్రచోదనాన్ని పౌండ్-సెకన్లలో లెక్కించి ఇచ్చింది. దానిని అందుకున్న మరొక సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను న్యూటన్-సెకన్లుగా గ్రహించింది. రెండు లెక్కలూ దేనికది సక్రమమే. కలిసిన చోట కొలమానం మారింది. సెప్టెంబరు 23న అంగారకుని చేరే సమయంలో నౌక నష్టమైంది.

2. పరీక్షా సాధనాల పరిణామం

వెబ్ పుటలను మనుషులు పదేపదే నొక్కి చూసే శ్రమను తగ్గించడానికి 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ సెలీనియం అనే సాధనాన్ని ప్రారంభించాడు. బ్రౌజరును ప్రోగ్రాము ద్వారా నడిపించే ఈ మార్గం వెబ్‌డ్రైవర్ రూపంలో వికసించి, 2018 జూన్‌లో డబ్ల్యూ3సీ ప్రమాణంగా స్థిరపడింది. ఆపియం అదే విధానాన్ని ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఫోన్లకు విస్తరింపజేసింది.

ఇదే కాలంలో ఒకే కోడ్‌తో అనేక వేదికలకు అనువర్తనాలను నిర్మించే పద్ధతులు బలపడ్డాయి. 2015లో రియాక్ట్ నేటివ్ బహిరంగమైంది. 2018 డిసెంబరులో ఫ్లట్టర్ తొలి స్థిర రూపం వెలువడింది. రియాక్ట్ నేటివ్ అక్షరాలను చిత్రించే పనిని ఆయా ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగిస్తుంది. ఫ్లట్టర్ ఫోన్లలో తన సొంత చిత్రణ యంత్రాంగాన్ని వెంట తెచ్చుకుంటుంది. కాబట్టి కోడ్ ఒకటే అయినా తెలుగు పదం తెరపైకి చేరే దారులు వేరు. ఒక వేదికపై నెగ్గిన పరీక్ష మరొక వేదికకు హామీ కాదు.

3. ‘జ్ఞా’ ఘటన

ఐఓఎస్ 11.2.5 గల ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరవరుస కనిపించగానే సందేశాల అనువర్తనాలు మూతపడేవి. అదే వరుస నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే స్ప్రింగ్‌బోర్డ్ సైతం కుప్పకూలేది. మ్యాక్ కంప్యూటర్లు, యాపిల్ వాచీలు కూడా ఈ దోషానికి లోనయ్యాయి. వార్తలలో ఇది ‘తెలుగు అక్షరం’ చేసిన చేటుగా ప్రచారమైంది.

అయితే తెలుగువారు నిత్యం రాసే ‘జ్ఞానం’, ‘జ్ఞాపకం’ ఏ ఫోనునూ ఆపలేదు. యూనికోడ్‌లో ఒత్తుకు ప్రత్యేక సంకేతం లేదు. పొల్లు గుర్తు తరువాత హల్లు వస్తే అది ఒత్తుగా మారుతుంది. ఆ ప్రకారం మామూలు ‘జ్ఞా’లో జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు ఉంటాయి. ఫోన్లను స్తంభింపజేసిన వరుసలో ఞకూ దీర్ఘానికీ నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనిపించని ఐదవ సంకేతం ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో వకారం టకారానికి ఒత్తుగా మారకుండా నిలిపేది ఈ సంకేతమే. పొల్లు తరువాత దానికి ప్రయోజనం ఉంది. గుణింతపు గుర్తుకు ముందు తెలుగు లేఖనంలో దానికి పని లేదు. దేవనాగరి, వంగ లిపులలోని కొన్ని సంయుక్తాక్షరాలూ ఇదే రీతి వరుసలో ఇదే ఫలితాన్ని ఇచ్చాయి. అంటే దోషం తెలుగుది కాదు. యాపిల్ అక్షర యంత్రాంగమైన కోర్‌టెక్స్ట్ ఆ వరుసను స్వీకరించిన తీరుది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 దానిని సరిదిద్దింది.

4. పర్యవసానం

సందేశాల అనువర్తనం తనకు అందిన అక్షరాలను యథాతథంగా కోర్‌టెక్స్ట్‌కు అందించింది. అది తన ధర్మాన్ని తప్పలేదు, అయినా మూతపడింది. ఇటువంటి లోపాన్ని ఆ అనువర్తనపు యూనిట్ టెస్ట్ పట్టలేదు. అసలు ఫోనుపై, అసలు లిపితో నడిపిన అనుసంధాన పరీక్ష మాత్రమే పట్టగలదు. ఆంగ్ల అక్షరాలతో పేరు నింపి, బటన్ నొక్కి, తరువాతి పుట వచ్చిందని తృప్తిపడే పరీక్షకు సంయుక్తాక్షరం ఎన్నడూ ఎదురుకాదు.

5. ముగింపు

తెలుగు పాఠకులకు చేరే అనువర్తనాల పరీక్షాసామగ్రిలో ‘జ్ఞానం’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ వంటి పదాలు, ‘సాఫ్ట్‌వేర్’ అనే మాట అదృశ్య సంకేతంతోనూ అది లేకుండానూ, ఆ సంకేతం అసందర్భంగా చేరిన వరుసలు ఉండాలి. వాటిని ఆండ్రాయిడ్, ఐఓఎస్, బ్రౌజర్లపై వేర్వేరుగా నడపాలి. ఏ సంకేతం ఎక్కడ సాధువో, ఎక్కడ అసాధువో నిర్ణయించి ఈ పదపట్టికను సిద్ధం చేయడం భాషాశాస్త్రం ఎరిగినవారి పని. సాంకేతిక నిపుణులతో పాటు తెలుగు శాఖలు కూడా దీనికి పూనుకోవలసి ఉంది.