గింజ ఒకటే, నేలలు వేరు



తెలుగు పండితునికి కంప్యూటరు గర్భంలోని సంగతులతో పనేమిటని కొందరికి తోచవచ్చును. ఒక గ్రంథం ఒక లిపి నుండి మరొక లిపికి చేరేటప్పుడు ఏది మారుతుంది, ఏది నిలుస్తుంది అన్నది మాకు పాత ప్రశ్నే. అమరకోశాన్ని తెలుగు లిపిలో వ్రాసినా, నాగరిలో వ్రాసినా శ్లోకం మారదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులూ ఇదే ప్రశ్నతో దశాబ్దాలు పెనుగులాడారు.

ప్రతి ప్రాసెసరు జాతికీ తనదైన యంత్రభాష ఉంటుంది. ఒకదాని భాషలో వ్రాసిన ఆపరేటింగ్ సిస్టం మరొకదానికి బోధపడదు. ఆ వ్యవస్థకు నడుమనుండే భాగం కెర్నెల్, అంటే గింజ. ఫైళ్ళు, నెట్‌వర్కు వంటి పనులను వెలుపలికి పంపి ఆ గింజను వీలైనంత చిన్నది చేస్తే అది మైక్రోకెర్నెల్. చిన్న గింజను రేగడిలోనైనా చెలకలోనైనా సులువుగా నాటవచ్చునని ఆశ.

ఆ ఆశకు పేరుమోసిన క్షేత్రం అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. చిత్తూరు సీమ కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డిగారు 1969లో ఆచార్యులుగా చేరిన చోటది. అక్కడే 1985లో రిచర్డ్ రషీద్, ఆయన శిష్యుడు ఎవీ టెవానియన్ ప్రభృతులు ‘మాక్’ నిర్మాణానికి పూనుకొన్నారు.

వారి ఉపాయం ఇది. జ్ఞాపకశక్తి నిర్వహణను రెండుగా చీల్చారు. ఏ ప్రోగ్రాముకు ఏ పుట చెందినదో చెప్పే అసలు లెక్క యంత్రంతో నిమిత్తం లేని భాగంలో ఉంటుంది. ఆ లెక్కను ప్రాసెసరుకు తెలిసే పట్టికగా మార్చే పని ‘పీమ్యాప్’ అనే చిన్న భాగానిది. ఆ పట్టికను చెరిపివేసినా నష్టం లేదు, అసలు లెక్క నుండి మళ్ళీ వ్రాసుకోవచ్చును. వ్యాక్స్ యంత్రపు పట్టిక ఒక తీరు. ఐబీఎం ఆర్‌టీలో అది తలక్రిందులు, ఒక భౌతిక పుటకు ఒకేసారి ఒకే చిరునామా. అయినా పీమ్యాప్‌ను మార్చి వ్రాసుకొని మాక్ రెండింటిపైనా నడిచింది.

తొలినాటి మాక్‌లో యూనిక్స్ ఇంకా గింజలోపలే ఉండేది. దానిని వెలుపలికి పంపినది మూడవ కూర్పు. టెవానియన్ మాక్‌ను నెక్స్ట్ సంస్థకు తీసుకువెళ్ళాడు. అక్కడ అది మోటరోలా నుండి 1993లో ఇంటెల్‌కు మారింది. నెక్స్ట్‌ను ఆపిల్ కొన్న తరువాత 2001లో పవర్‌పీసీ, 2006లో మళ్ళీ ఇంటెల్, 2007లో ఐఫోను కోసం ఆర్మ్, 2020లో మాకింటాష్‌కూ ఆర్మ్. అయితే ఆపిల్ కెర్నెల్ శుద్ధ మైక్రోకెర్నెల్ కాదు. వేగం కోసం యూనిక్స్ భాగాన్ని మళ్ళీ లోపలే కలుపుకొన్నారు.

వేగమే అసలు చిక్కు. జర్మనీకి చెందిన యోఖెన్ లీట్కె 1993లో, మాక్‌లో 115 మైక్రోసెకన్లు పట్టే సందేశాన్ని తన కెర్నెల్ 5 మైక్రోసెకన్లలో చేరవేస్తుందని చూపాడు. దానిని నేరుగా యంత్రభాషకు చేరువైన అసెంబ్లీలో వ్రాశాడు. 1995లో మరింత కఠినంగా వాదించాడు: మైక్రోకెర్నెల్ స్వభావసిద్ధంగా యంత్రబద్ధం, 486 నుండి పెంటియంకు పోయినా కొత్తగా ఆలోచించవలసిందే. లిపి మార్చినా శ్లోకం నిలుస్తుంది గాని, సీసపద్యాన్ని వేరే భాషలోకి తెస్తే ఆ నడక నిలువదు కదా!

నేనీ వాదాన్ని త్రోసిపుచ్చలేను. అయినా ఆయన వారసులే సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో ఆ కెర్నెల్‌ను తిరగవ్రాసి పలు ప్రాసెసర్లకు చేర్చారు. ఆ వంశంలోని ఎస్ఈఎల్4 సరిగా నడుస్తుందని ఆస్ట్రేలియాలో 2009లో ఆర్మ్‌పై గణితయుక్తంగా నిరూపించారు. రిస్క్‌-ఫైవ్‌కు అదే నిరూపణ 2020లో పూర్తయింది. ప్రాసెసరు మారితే నిరూపణనూ మళ్ళీ సాగించవలసివచ్చింది. యంత్రబద్ధమైన భాగం మాయం కాదు. దానిని గుర్తెరిగి ఒక మూలకు చేర్చగలగడమే నేర్పు.

తెలుగుకు 1991లో యూనికోడ్‌లో చోటు దొరికింది గనుక మా గాంధారిలో ఆర్మ్ ఫోనుపైనా ఇంటెల్ కంప్యూటరుపైనా ఈ వాక్యం ఒకే తీరున కనబడుతుంది. కాని సొంత సంకేతాలున్న పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు నేటికీ ఆ ఫాంటుకే కట్టుబడి ఉన్నాయి. అది లేనిచోట అవి అర్థంలేని గుర్తులే. మీ వద్ద అటువంటి ఫైళ్ళుంటే, వాటిని తెరిచే కంప్యూటరు ఇంకా పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి.