ఉలీ స్టీలికే: జర్మన్ స్వీపర్, ఖతార్‌లో కోచ్

ఉలీ స్టీలికే (జననం 1954 నవంబరు 15) జర్మనీకి చెందిన ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. మాన్‌హైమ్ నగరానికి దగ్గర్లోని కెట్ష్ అతని సొంత ఊరు. 1975 నుంచి 1984 వరకు పశ్చిమ జర్మనీ తరఫున 42 మ్యాచులు ఆడి 3 గోల్స్ చేశాడు. చాలా పట్టికలు అతన్ని మిడ్‌ఫీల్డర్ల వరసలో చేరుస్తాయి. క్లబ్బుల లెక్కల ప్రకారం అది తప్పేమీ కాదు. కానీ దేశం కోసం పెద్ద టోర్నీల్లో అతను ఎక్కడ నిలబడ్డాడో, కోచ్‌గా ఎలాంటి జట్లను తయారుచేశాడో చూస్తే అతన్ని ముందుగా డిఫెండర్‌గానే పరిగణించాలి. 2009 తర్వాత ఖతార్‌లో గడిపిన ఏళ్లను జీవిత విశేషాలు రాసేవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ కాలాన్నీ ఈ దృష్టితోనే చూడాలి.

మొంచెన్‌గ్లాడ్‌బాఖ్ నగరపు బొరూసియా క్లబ్బులో స్టీలికే పైకొచ్చాడు. ఆ జట్టు 1975, 1976, 1977ల్లో వరసగా మూడుసార్లు బుండెస్‌లీగా గెలిచింది. 1975లో యుయెఫా కప్ కూడా దక్కింది. 1977 మే 25న రోమ్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్లో మాత్రం లివర్‌పూల్ చేతిలో 3–1తో ఓడింది. అదే ఏడాది అతను రియల్ మాడ్రిడ్‌కు మారి 1985 దాకా అక్కడే ఆడాడు. 1978, 1979, 1980ల్లో లీగ్ టైటిళ్లు, 1980, 1982ల్లో స్పెయిన్ కప్, వెళ్లే ఏడాది మరో యుయెఫా కప్ గెలిచాడు. స్పెయిన్ లీగ్‌లో 215 మ్యాచుల్లో 41 గోల్స్ చేశాడు. ఈ ఖ్యాతికి ఖరీదు కూడా చెల్లించాడు. విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్లను అప్పట్లో జర్మన్ సమాఖ్య పిలిచేది కాదు కాబట్టి 1978 ప్రపంచకప్ అతని చేయిదాటిపోయింది. చివరి మూడేళ్లు స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ క్జామాక్స్‌కు ఆడి 1987, 1988ల్లో అక్కడి లీగ్ కూడా గెలిచాడు.

41 గోల్స్ చేసినవాణ్ణి డిఫెండర్ అనడమేమిటని అడగవచ్చు. ఆ కాలపు జర్మన్ స్వీపర్ పని తెలిస్తే ఈ సందేహం నిలవదు. మిగతా డిఫెండర్లు తలా ఒక ప్రత్యర్థిని పట్టుకుంటే, స్వీపర్ ఎవరినీ పట్టుకోకుండా వాళ్ల వెనక ఉంటాడు. తప్పించుకొచ్చిన బంతిని ఆపేవాడూ అతనే, దొరికిన బంతితో ముందుకు కదిలి దాడికి నాంది పలికేవాడూ అతనే. ఆట మొత్తం చదవగలిగితే తప్ప ఆ చోటుకు పనికిరారు. ఆ స్థానానికి వన్నె తెచ్చిన బెకెన్‌బావర్ కూడా 1966 ప్రపంచకప్‌లో మిడ్‌ఫీల్డరే. బెకెన్‌బావర్ తర్వాత ఖాళీ అయిన ఆ చోటును 1980 యూరో ఫైనల్లో, 1982 ప్రపంచకప్‌లో, 1984 యూరోలో కాసినవాడు స్టీలికే. ఆ మూడు టోర్నీల్లో జర్మనీ ఒకటి గెలిచింది, ఒకదానిలో ఫైనల్ దాకా వెళ్లింది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. కీలక ఘడియల్లో అతనే తప్పు చేశాడంటారు. 1980 జూన్ 22న రోమ్‌లో బెల్జియంతో ఫైనల్. జర్మనీ 1–0తో ముందుంది. దూసుకొస్తున్న ఫ్రాన్స్వా వాన్ డెర్ ఎల్స్ట్‌ను స్టీలికే కింద పడేశాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, స్కోరు సమమైంది. ఆ ఫౌల్ పెనాల్టీ గీతకు బయటే జరిగినట్టు దృశ్యాల్లో కనిపిస్తుంది. చివరి నిమిషాల్లో హ్రుబెష్ తలతో కొట్టిన గోల్ జర్మనీని గట్టెక్కించింది. రెండేళ్లకు, 1982 జూలై 8న సెవిల్లెలో ఫ్రాన్స్‌తో సెమీఫైనల్. అదనపు సమయంలో 3–1తో వెనకబడిన జర్మనీ 3–3 చేసింది. ప్రపంచకప్ చరిత్రలో మొదటి పెనాల్టీ షూటౌట్ అదే. జర్మనీ మూడో పెనాల్టీ స్టీలికేది. ఫ్రాన్స్ గోల్‌కీపర్ ఎట్టోరి ఆపేశాడు. స్టీలికే అక్కడే నేలమీద కుప్పకూలాడు. సహచరుడు లిట్‌బార్‌స్కీ వచ్చి పొదివి పట్టుకుని ఓదారుస్తుండగానే ఫ్రాన్స్ ఆటగాడు సిక్స్ కొట్టిన బంతిని జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఆపాడు. జర్మనీ 5–4తో గెలిచింది. 1982 నుంచి 2022 దాకా ప్రపంచకప్ షూటౌట్లలో గోల్ చేయలేకపోయిన జర్మన్ స్టీలికే ఒక్కడే. మూడు రోజులకు రియల్ మాడ్రిడ్ సొంత మైదానమైన బెర్నబ్యూలోనే ఇటలీతో ఫైనల్ ఆడి 3–1తో ఓడాడు. ఇవన్నీ నిజాలే. అయితే పెనాల్టీ కొట్టడం డిఫెన్స్ పని కాదు. ఇక వెనక ఉన్న చివరి మనిషి తప్పు స్కోరుబోర్డుకెక్కుతుంది, అతను ఆపిన పది బంతులు ఎక్కడా ఎక్కవు. అలాంటి చోటును ఏళ్ల తరబడి ఒకే మనిషికి అప్పగించారంటే ఆ నమ్మకాన్నే సాక్ష్యంగా తీసుకోవాలి.

ఆట మానాక 1989 నుంచి 1991 వరకు స్విట్జర్లాండ్ జాతీయ జట్టుకు, తర్వాత కొన్ని క్లబ్బులకు, జర్మనీ యువ జట్లకు కోచ్‌గా పనిచేశాడు. 2006లో ఐవరీ కోస్ట్ బాధ్యత తీసుకున్నాడు. 2008 జనవరిలో ఆఫ్రికా కప్ ముంగిట వైదొలగగా, ఆ జట్టును ఫ్రెంచ్ కోచ్ జెరార్ జీలీ నడిపి నాలుగో స్థానంలో నిలిపాడు. ఆ తర్వాత వీళ్లిద్దరూ ఖతార్ లీగ్‌కే చేరడం గమనించదగ్గ విషయం. దోహాలో స్టీలికే రెండు విడతలు అల్ అరబీ క్లబ్బుకు, నడుమ అల్ సైలియా క్లబ్బుకు కోచ్‌గా ఉండి 2014 వరకు పనిచేశాడు. జీలీ 2009లో ఉమ్ సలాల్ క్లబ్బు పగ్గాలు పట్టాడు.

గల్ఫ్ లీగ్ అంటే వయసుడిగిన ఆటగాళ్లు డబ్బు కోసం వచ్చే చోటని, అక్కడి ఉద్యోగానికి చరిత్రలో చోటెందుకని వాదించేవాళ్లున్నారు. 2003 ప్రాంతంలో బటిస్టుటా, ఎఫెన్‌బర్గ్, హియెర్రో వంటివాళ్లు చివరి దశలో అక్కడికి వచ్చిన మాట వాస్తవమే. కానీ ఆ ఒక్క దృశ్యంతో ఖతార్ ఫుట్‌బాల్‌ను కొలవడం అన్యాయం. ఉమ్ సలాల్‌నే చూడండి. దోహాకు ఉత్తరాన, బర్జాన్ బురుజులున్న పాత పట్టణం అది. 1979లో అల్ తదామున్ పేరుతో మొదలైన అక్కడి క్లబ్బు 2006లో గానీ పై శ్రేణి లీగ్‌లోకి రాలేదు. రెండేళ్లకే, 2008లో అమీర్ కప్ గెలిచింది. 2009 ఆసియా చాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్లో దక్షిణ కొరియాకు చెందిన ఎఫ్‌సీ సియోల్‌ను సొంత గడ్డపై 3–2తో ఓడించి, సియోల్‌లో 1–1తో నిలువరించి సెమీఫైనల్ చేరింది. అక్కడ మరో కొరియా జట్టు పోహాంగ్ స్టీలర్స్ చేతిలో ఓడింది. లీగ్‌లో స్టీలికే జట్లు తలపడినది ఇలాంటి క్లబ్బులతో. అతనికి అక్కడ లీగ్ టైటిల్ దక్కలేదు. అయినా ఆసియా ఫుట్‌బాల్‌ను లోపలి నుంచి చూసే అవకాశం దొరికింది.

2014లో దక్షిణ కొరియా అతన్ని కోచ్‌గా తీసుకుంది. 2015 ఆసియా కప్‌లో ఆ జట్టు ఒక్క గోల్ ఇవ్వకుండా వరసగా అయిదు మ్యాచులు గెలిచింది. సిడ్నీ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో అదనపు సమయంలో 2–1తో ఓడింది. అదే ఏడాది ఆగస్టులో తూర్పాసియా కప్ గెలిచింది. 2018 ప్రపంచకప్ అర్హత పోటీల రెండో దశనూ గోల్ ఇవ్వకుండానే ముగించింది. అతనిలోని డిఫెండర్‌కు ఇంతకన్నా రుజువేం కావాలి? మూడో దశలో ఆ గోడకు బీటలు పడ్డాయి. 2016 అక్టోబరులో సువోన్‌లో ఖతార్‌ను 3–2తో అతికష్టం మీద ఓడించారు. తర్వాత టెహరాన్‌లో ఇరాన్ చేతిలో ఓడాక, ఖతార్‌కున్న సొరియా లాంటి స్ట్రైకర్ తమకు లేడని స్టీలికే అనడం కొరియాలో దుమారం రేపింది. సొంత ఆటగాళ్లను కించపరచినట్టున్న ఆ మాట అనకుండా ఉండాల్సింది. 2017 జూన్ 13న దోహాలో ఖతార్ 3–2తో కొరియాను ఓడించింది. రెండు రోజులకు కొరియా సమాఖ్య అతన్ని తొలగించింది. తర్వాత చైనాలోని తియాన్‌జిన్ తెదా క్లబ్బుకు 2020 వరకు కోచ్‌గా పనిచేశాడు.