ఆదివారపు కొండనడక

మనకు గుంపుగా నడచుట కొత్తది కాదు. ఆషాఢ పూర్ణిమ వచ్చినదంటే సింహాచలము కొండచుట్టూ 32 కిలోమీటర్ల ప్రదక్షిణకు లక్షల జనము బయలుదేరుతారు. కార్తికములో ఉసిరిచెట్టు నీడను వెదకుకొంటూ వీధికి వీధి తోటలకు కదలుతుంది. అయితే ఆ నడకలకు ఒక మొక్కు, ఒక తిథి, ఒక దైవము ఉన్నవి. మొక్కూ తిథీ లేకుండ, కేవలము సెలవు దొరికినదని, ముఖపరిచయము కూడ లేని పదిమంది ఒకచోట చేరి, చేతనైనంత దూరము కొండదారిన నడచి, సాయంకాలమునకు ఇల్లు చేరుట మాత్రము మన నగరములకు ఈమధ్య వచ్చిన అలవాటు.

ఆమధ్య నేనును అటువంటి ఒక గుంపుతో హైదరాబాదు శివారు గుట్టలకు వెళ్ళినాను. అందరమును కొత్తవారమే. దారి చూపినవాడు పాతికేండ్ల యువకుడు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు గుట్టపైకి చేరి, చెమట తుడుచుకొని, "ఏం నాయనా, ఇంతదూరము నడిపించినావు గదా, పైన గుడి ఏదైనా ఉన్నదా?" అని అడిగినారు. "గుడి లేదు మాస్టారూ, గాలి ఉన్నది" అన్నాడా అబ్బాయి. మాస్టారు నవ్వి బండమీద చతికిలబడినారు. కాని దిగుతున్నంతసేపూ ఆయన ప్రశ్న నన్ను వదలలేదు. గుడి లేని కొండ ఎక్కుటకు సామాన్య జనులు మొట్టమొదట ఎందుకు బయలుదేరినారు? వారిని పిలిచినవారెవరు? ఈ కథ అనేక దేశములలో అనేక విధములుగా నడిచినది. అందులో ఇంగ్లండుకు చెందిన ఒక భాగమును మాత్రము నేడు మనవి చేస్తాను.

ఉత్తర ఇంగ్లండులో మాంచెస్టరు, షెఫీల్డు అని రెండు నగరములు ఉన్నవి. ఒకటి నూలు మిల్లులకు, రెండవది ఉక్కుకు పెట్టినది పేరు. ఈ రెండింటికిని నడుమ కొండలున్నవి. వానిలో ఎత్తైనది కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లు. అనగా మన హార్సిలీ కొండలో సగము. దానికి శిఖరమని చెప్పదగినది లేదు. పైన విశాలమైన బయలు, నల్లని మెత్తని బురదమన్ను, మోకాలెత్తు హెదర్ పొదలు, ఎప్పుడును వీచే చలిగాలి. పొగగొట్టముల కింద వారమంతయు బ్రతికేవానికి ఆ గాలియే పెన్నిధి.

ఆ బయలు ఒకప్పుడు ఊరుమ్మడిది. మన పల్లెలలో పోరంబోకు వంటిదే అనుకొనండి. 1836లో దానిని భూస్వాములు చట్టరీత్యా పంచుకొని తమ సొంతము చేసుకొన్నారు. తరువాత అక్కడ గ్రౌస్ అనే అడవికోడి జాతి పక్షులను పెంచసాగినారు. ఆగస్టు 12వ తేదీన వేట మొదలవుతుంది. ఏడాదిలో కొద్దినాళ్ళు సాగే ఆ వేటకొరకు తక్కిన దినములన్నియు కావలివారు కర్రలు పట్టుకొని కొండను కాచేవారు. కార్మికుని కిటికీలోనుండి కొండ కనిపిస్తుంది. కాలు మోపినచో తరిమివేస్తారు. కాలిబాటలు మూతపడుచున్నవని మాంచెస్టరు పౌరులు 1826లోనే ఒక సంఘము పెట్టుకొన్నారనగా, ఈ బాధ ఎంత పాతదో ఊహించవచ్చును.

నడచుటకు దారి ఒక్కటే చాలదు, తీరిక కావలెను. 1850 నాటి కర్మాగార చట్టము మిల్లులలో స్త్రీలకు, బాలురకు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకే పని ముగియవలెనని విధించినది. క్రమముగా పురుషులకును ఆ పూట సెలవు దక్కినది. ఆదివారము సరేసరి. ఇక 1894లో మాంచెస్టరు, షెఫీల్డుల నడుమ కొండలోయగుండ రైలుమార్గము తెరచినారు. ఈడేల్ అనే చిన్న స్టేషను కిండర్ పాదముననే వెలసినది. కొండనడక చరిత్ర వ్రాసేవారు కవులను తలచుకొన్నంతగా ఈ రైలును తలచుకొనరు. అది అన్యాయమని నా అభిప్రాయము.

పెద్దమనుషులు అంతకు ముందునుండియే నడుస్తున్నారు. విమర్శకుడును, పర్వతారోహకుడును అయిన లెస్లీ స్టీఫెన్ 1879లో లండనులో ఆదివారపు నడకల బృందమొకటి కూర్చినాడు. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఈయన కుమార్తె. అందులో ఉన్నవారందరును పండితులు, న్యాయవాదులు. వారితో నడచుటకు కాళ్ళలో బలమేకాక సంభాషణలో ప్రజ్ఞయు కావలెను. కొత్తవానికి అక్కడ చోటు లేదు.

కొత్తవానిని చేయిపట్టుకొని కొండకు తీసికొనిపోయినవారిలో మొదట చెప్పదగినవాడు ఆర్థర్ లియొనార్డ్. కోల్న్ అనే మిల్లుల పట్టణములో ఈయన మతబోధకుడు. అక్కడి యువకులు ఏటేటా మిల్లు సెలవులలో సముద్రతీరపు వినోదనగరమైన బ్లాక్‌పూల్‌కు పోయి, సంవత్సరమంతా కూడబెట్టినది వారము దినములలో వెచ్చించి వచ్చేవారు. 1891లో లియొనార్డ్ సుమారు ముప్పదిమంది యువకులను ఆ దారి మళ్ళించి సరోవర ప్రాంతములోని ఆంబుల్‌సైడుకు తీసికొనిపోయినాడు. నాలుగు దినములు కొండలలో నడక, రాత్రి ఒకేచోట సామాన్యమైన బస, ఒకే పంక్తిలో భోజనము. వెళ్ళినవారు మరల వెళ్ళుదుమన్నారు. రెండేండ్లలోనే అది సహకార విహారసంఘముగా రూపొందినది. అందులో స్త్రీలును పురుషులతో సమానముగా నడిచినారు. ఆ కాలములో ఇది కొండ ఎక్కుటకంటె సాహసము.

ఇక షెఫీల్డు. అక్కడ బెర్ట్ వార్డ్ అనే ఫిట్టరు ఉండేవాడు. వయస్సు ఇరువదినాలుగు. 1900లో క్లారియన్ అనే కార్మికుల పత్రికలో, ఫలానా ఆదివారము కిండర్ చుట్టూ నడువదలచినాము, ఇష్టమైనవారు రావచ్చును అని ఒక చిన్న ప్రకటన వేసినాడు. సెప్టెంబరు 2వ తేదీన ఈడేల్ స్టేషనులో దిగినవారు పట్టుమని పదిహేనుమంది లేరు. ఆనాడు వారు నడచినది సుమారు 20 మైళ్ళు. సరిగా మన సింహాచల ప్రదక్షిణమంత! తొలిసారి వచ్చినవారికి అది సులభమని ఈనాడెవ్వరును అనరు. కాని వారములో ఆరు దినములు నిలువుకాళ్ళమీద పనిచేయువారి లెక్క వేరు.

వార్డ్ గొప్పదనము ఆ మొదటి నడకలో లేదు, తరువాతి ఆదివారములలో ఉన్నది. ఆ గుంపు షెఫీల్డు క్లారియన్ పాదచారుల సంఘమైనది. ఏటేటా జేబులో ఇమిడే చిన్న పుస్తకమొకటి వార్డ్ వెలువరించేవాడు. ఏ ఆదివారము ఏ దారి, నాయకుడెవరు అన్న పట్టిక అందులో ఉండేది. దానితోపాటు ఆ లోయల పాత పేర్లు, ఎవరికిని గుర్తులేని బాటల ఆనవాళ్ళు, ముసలివారు చెప్పిన సంగతులు కూర్చేవాడు. పటము చదువనేరనివాడు, తోడులేనివాడు, దారి తప్పుదునేమో అని జంకేవాడు ఆ పుస్తకము చూచి స్టేషనుకు వస్తే చాలును. ఈనాడు సులభమైన సామూహిక నడక అని మనము దేనిని అంటున్నామో, దాని కీలకమంతయు ఇందులో ఉన్నది. హైదరాబాదు గుట్టలలో ఆ యువకుడు అందరికంటె వెనుక, మాస్టారుగారి అడుగులో అడుగు వేస్తూ నడవటము చూచినప్పుడు నాకు ఈ ఫిట్టరే జ్ఞప్తికి వచ్చినాడు.

కొండ యజమానులు ఊరుకొనలేదు. 1923లో వార్డ్ కిండర్‌పై అడుగుపెట్టరాదని న్యాయస్థానమునుండి నిషేధాజ్ఞ తెచ్చినారు. అప్పటికి ఈ వ్యసనము వేలమందికి అంటుకొన్నది. కొద్ది సంవత్సరములలో ఆర్థిక మాంద్యము వచ్చి మిల్లులు మూతపడగా, పనిలేని యువకులకు కొండ ఒక్కటే ఉచితముగా దొరికే వినోదమైనది. జర్మనీలో షిర్‌మన్ అనే బడిపంతులు 1909లో తలపోసిన యువజన వసతిగృహముల పద్ధతి 1930లో ఇంగ్లండుకు చేరి, ఒక షిల్లింగుకే రాత్రి పడక దొరికినది. జనము పెరిగినది, బాట పెరుగలేదు. పాత సంఘములవారు సభలు జరుపుతూ, తీర్మానములు పంపుతూ ఉన్నారు. కొండలపై ప్రవేశము కోరే బిల్లు 1884లోనే పార్లమెంటు ముందుకు వచ్చినది. తరువాత ఎన్ని మారులు తెచ్చినను నెగ్గలేదు.

1932 ఏప్రిల్ 24, ఆదివారము. బెన్నీ రోత్‌మన్ అనే ఇరువదేండ్ల మాంచెస్టరు యువకుని పిలుపుపై సుమారు నాలుగువందలమంది హేఫీల్డు గ్రామమువద్ద ఒక రాతిక్వారీలో గుమిగూడినారు. అక్కడనుండి, రహస్యమేమియు లేకుండ, పాడుకొంటూ కిండర్ ఎక్కినారు. కావలివారితో కొంత తోపులాట జరిగినది. ఒక కావలివానికి గాయమైనది. దిగివచ్చునప్పటికి పోలీసులు సిద్ధముగా ఉండి కొందరిని పట్టుకొన్నారు. డర్బీ న్యాయస్థానములో విచారణ. పరుల భూమిలో నడచుట ఆ దేశపు చట్టములో శిక్షింపదగిన నేరము కాదు. కనుక అల్లరి, దౌర్జన్యము అని అభియోగములు మోపినారు. జూరీలో కూర్చున్నవారు సైన్యాధికారులు, భూస్వాములు. అయిదుగురికి రెండు మొదలు ఆరు మాసములవరకు కారాగారశిక్ష పడినది. రోత్‌మన్‌కు నాలుగు మాసములు.

పాత సంఘముల నాయకులు ఈ పనిని మెచ్చలేదు. ఏండ్ల తరబడి నచ్చజెప్పుకొంటూ వచ్చినదంతయు ఒక్క పూటలో చెడినదని నొచ్చుకొన్నారు. కాని శిక్షల వార్త విని దేశమంతయు ఉలికిపడినది. కొన్ని వారములకే విన్నట్స్ కనుమలో జరిగిన సభకు పదివేలమంది వచ్చినారని చెప్పుతారు.

పత్రికలును, పాటలును ఆ ఏప్రిల్ దినమునే జ్ఞాపకముంచుకొన్నవి. జైలుకు పోయినవారికి ఆ కీర్తి న్యాయమే. నాకు మాత్రము ఒక సందేహము. 1932కు ముందు ముప్పదిరెండేండ్లపాటు ఎవరో ఒకరు ప్రతి ఆదివారము కొత్తవారిని స్టేషనులో కలిసికొని, దారిచూపి, చీకటిపడకముందు తిరిగి రైలెక్కించి ఉండకపోతే, రోత్‌మన్ పిలుపు విని ఆ క్వారీకి వచ్చుటకు నాలుగువందలమంది ఎక్కడ దొరికేవారు? కొండ తమదని అనిపించుటకు ముందు దానిమీద కొంతకాలము నడచి ఉండవలెను గదా. మన హైదరాబాదులో కోట్ల సంవత్సరములనాటి బండలను పగులగొట్టి చదును చేస్తున్నప్పుడు, వానిని కాపాడుటకు 1996లో ఏర్పడిన సంఘమువారు కూడ వినతిపత్రములతో సరిపెట్టుకొనక, జనమును ఆదివారములలో ఆ రాళ్ళ మధ్యకు నడిపించుకొని పోయినారు. వారు ఇంగ్లండు చరిత్ర చదివి చేసినారని నేననను. అవసరము అట్టిది.

తరువాతి కథ త్వరగానే చెప్పవచ్చును. 1935లో పాదచారుల సంఘములన్నియు కలిసి జాతీయసంఘమైనవి. 1949లో జాతీయ వనముల చట్టము వచ్చి, 1951లో ఈ కొండలే ఆ దేశపు మొదటి జాతీయ వనమైనవి. ఈడేల్‌నుండి ఉత్తరముగా స్కాట్లండు సరిహద్దు దాటే పెన్నైన్ దీర్ఘమార్గమును 1965లో ప్రారంభించినారు. ఆ తేదీ ఏప్రిల్ 24. బయళ్ళమీద స్వేచ్ఛగా నడచే హక్కు 2000 సంవత్సరపు చట్టముతోగాని రాలేదు. వార్డ్ వానిలో కొన్నిటిని చూచినాడు. 1945లో షెఫీల్డు పాదచారులు లూస్ హిల్ అనే కొండపై 54 ఎకరములు ఆయనకు కానుకగా ఇచ్చినారు. నడచుటకే నిషేధము పొందిన మనిషి కొండకు యజమాని అయినాడు. అయి, వెంటనే దానిని అందరికొరకు జాతీయ ధర్మకర్తృ సంస్థకు వ్రాసి ఇచ్చివేసినాడు. 1957లో మరణించినాడు.

2002 ఏప్రిల్‌లో కిండర్ ఘటన డెబ్బదియవ వార్షికోత్సవము జరిగినప్పుడు, ఆ భూములను ఒకనాడు ఏలిన వంశమునకు చెందిన డెవన్‌షైర్ డ్యూకు సభకు వచ్చి, తన తాతగారి కాలములో జరిగినదానికి బహిరంగముగా క్షమాపణ చెప్పినారు. బెన్నీ రోత్‌మన్ అంతకు మూడు మాసముల ముందే, తన తొంబదియవ ఏట, కన్నుమూసినాడు.