బియ్యం మిగిల్చిన డబ్బు ఎటు పోయింది?

కోనసీమలో ఎరుకల కుటుంబాలు తరతరాలుగా బుట్టలు, తట్టలు అల్లి బతికాయి. కోతల కాలంలో రైతులు వాటికి ధాన్యం కొలిచేవారు. అప్పట్లో డబ్బు పెట్టి కొనేవి కొన్నే: ఉప్పు, కిరసనాయిలు, బట్టలు. ధాన్యం నిండుకుంటే మాత్రం కూలి డబ్బంతా బియ్యానికే పోయేది. చాలకపోతే అప్పు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 నుంచి ఆ చట్టం కింద బియ్యం ఉచితం.

దేశంలోని పల్లెల ఖర్చుపై ప్రభుత్వం చేయించే సర్వేల్లో ఈ మార్పు కనిపిస్తుంది. 1999-2000లో ఇంట్లో ఖర్చయ్యే ప్రతి 100 రూపాయల్లో తిండికి 59 పోయేవి. అందులో తిండిగింజలకే 22. 2022-23 నాటికి, ఉచితంగా అందినవి లెక్కలో కలపకపోతే, తిండికి 46, గింజలకు 5 లోపే.

మరి మిగిలింది ఏమైంది? ప్రయాణాలకు 7, వైద్యానికి 7 దాటాయి. టీ, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి కలిపి 9 దాటాయి. చదువుకు మాత్రం 3 రూపాయలే.

అన్నం కోసం అప్పు తగ్గింది, నిజమే. కానీ బుట్టల స్థానంలో ప్లాస్టిక్ వచ్చాక ధాన్యం కొలిచే చేతులూ లేవు. ఇప్పుడు జబ్బు చేసినా, ఊరు వెళ్లినా రొక్కమే కావాలి.

ఇవి దేశమంతటి సగటు లెక్కలు. మన ఇంటి లెక్క మనమే రాసుకోవాలి. మాస్టార్లూ, మామ్మ పెళ్లినాటి ఖర్చులేమిటో, ఈ నెల ఖర్చులేమిటో పిల్లల చేత పక్కపక్కనే రాయించండి. మన చరిత్రలో అదీ ఒక పుటే.