అతుకుపని: నరసాపురపు లేసు చరిత్రలో ఒక మరుగుపడిన అధ్యాయము

వసిష్ఠ గోదావరి సముద్రమును చేరుటకు కొంచెము ఎగువను ఉన్న నరసాపురమునకు వస్త్రవ్యాపారము కొత్తది కాదు. 17వ శతాబ్దమున డచ్చివారు పాలకొల్లునను, ఆంగ్లేయులు నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునను వర్తకస్థానములు నెలకొల్పిరి. ఆ మాధవాయపాలెము పేరే విదేశీయుల నోట ‘మడపొల్లం’ అయి, ఒక విధమైన మెత్తని నూలుగుడ్డకు నామమై, నేటికిని నిఘంటువులలో నిలిచియున్నది. సీమ మిల్లుగుడ్డ వచ్చి చేనేతను క్రుంగదీసిన పిమ్మట ఆ ప్రాంతమునకు ఖండాంతర కీర్తి తెచ్చినది మగ్గము కాదు. జానెడైనను లేని కొక్కెపు సూది.

1832–33లో సర్కారు జిల్లాలను డొక్కల కరవు పీడించెను. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెను, బీరు అను ఆంగ్ల మిషనరీలు సకుటుంబముగా నరసాపుర ప్రాంతమున స్థిరపడిరి. ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్ట 1852లో గాని పూర్తి కాలేదు. ఈ మధ్యకాలమున, 1844 ప్రాంతమున, మిషనరీ స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరని ప్రతీతి. తొలుత అది జీవనోపాధికై నేర్పిన విద్య. క్రమముగా వర్తకులు ప్రవేశించిరి. దారము ఇచ్చి అల్లిక తీసికొను పద్ధతి ఏర్పడెను. 20వ శతాబ్దారంభమునాటికి సరకు ఓడలకెక్కి విదేశములకు పోవుచుండెను.

సరిగా ఆ కాలముననే ఐర్లండులోను ఇట్టి చరిత్రయే నడచినది. 1845 మొదలు బంగాళాదుంప పంట కుళ్లిపోయి లక్షలాది ప్రజలు ఆకలిచే మరణించిరి. 1847లో క్లోన్స్ పట్టణమున మతాచార్యుని భార్య కాసాండ్రా హ్యాండ్ స్త్రీలకు లేసుపని నేర్పించెను. అచట ఒక ఇంట గులాబి, మరియొక ఇంట ఆకు అల్లెడివారు. వాని నన్నిటిని ఒక చోట చేర్చి, సన్నని గొలుసుకుట్లతో జాలము పన్ని, ఒకే వస్త్రముగా కూర్చుట వేరొకరి పని. రెండు దేశములందును కరవు నెరిగిన పల్లెలలో ఈ విద్య వేళ్లూనెను. రెండింటను ముక్కలు ఒకరివి, కూర్పు మరియొకరిది.

గోదావరి మండలమున ముక్కలు అల్లుటకు ‘చేతిపని’ యనియు, వానిని కలుపుటకు ‘అతుకుపని’ యనియు పేర్లు. చూచువారికి పువ్వు కనబడును గాని అతుకు కనబడదు. కనబడకుండుటయే దాని గొప్ప. పండ్రెండు వరుసలు, వరుసకు పదునైదు చొప్పున 180 చదరపు ముక్కలతో ఒక పరుపుదుప్పటి చేయవలెననుకొందము. ప్రక్కప్రక్క ముక్కలను కలుపు అతుకులు 333 అగును. నాలుగు మూలలు కలియు చోటులు 154 అగును. ముక్కలకంటె అతుకులే అధికము.

అందును పది యిండ్లలో పదిమంది చేతులు అల్లిన ముక్కలు ఒక్క కొలతకు రావు. ఒకామె దారము బిగించి లాగును, మరియొకామె వదులుగా విడుచును. అదే దారము, అదే నమూనా అయినను ముక్క పెరుగును లేదా తగ్గును. అతుకుపని చేయునామె మొదట వానిని పరచి, సరితూగువానిని ఏరి, పెద్దవానిని పెద్దవాని సరసను చేర్చవలెను. అంచు ఉచ్చులను ఒకదాని కొకటి ఎదురుగా నిలిపి, సూదికొక్కెము రెండింటిలోను దూర్చి దారము లాగవలెను. ఒక్క ఉచ్చు తప్పినను వరుస అంతయు వంకరపోవును. నాలుగు మూలలు కలియు చోట దారము బిగిసిన ముడుత, సడలిన రంధ్రము. గుండ్రని పువ్వులైనచో నడుమ మిగిలిన ఖాళీని చిన్న పువ్వుతో పూరింపవలెను. ఆపై ఉతికి, గంజిపెట్టి, చదును చేసిన గాని సరకు సిద్ధము కాదు.

ఇంత నేర్పునకు ప్రతిఫల మెట్టిది? 1970వ దశాబ్ది చివర జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నరసాపుర ప్రాంతమున పరిశోధన చేసి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. అప్పటికి ఈ పని క్రైస్తవ స్త్రీలకే పరిమితము గాక, పొలము పనికి పోరాని కాపు గృహిణులలో విశేషముగా వ్యాపించియుండెను. వారు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచున్నను వారిని పనివారని ఎవరును పిలువలేదు, తీరికవేళ కాలక్షేపమనిరి. కూలి, పొలములో దినకూలి కంటె తక్కువ. దారమిచ్చు మధ్యవర్తి తప్ప ఆ సరకు ఏ దేశమునకు పోవుచున్నదో, ఎంత ధర పలుకుచున్నదో వారిలో పలువురకు తెలియదు. ముక్కకు లెక్కకట్టి ఇచ్చు కూలిలో ఒకామె పని మరియొకామె పనితో కలిసిపోయి, ఎవరి పేరును నిలువలేదు.

కాలక్రమమున యంత్రపు లేసు, చైనా సరకు పోటీకి వచ్చెను. స్త్రీలు సహకార సంఘములుగా ఏర్పడిరి. నరసాపురమునకు సమీపమున సీతారామపురమున లేసు పార్కు వెలసెను. 2024లో నరసాపురము క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అది ఊరిపేరును కాపాడు శాసనము. పరుల సరకు ఆ పేరుతో చెలామణి కాకుండ అడ్డుపడును. కాని ఊరిపేరు నిలిచినంత మాత్రమున చేతికూలి పెరుగదు. కూలి పెరుగనిచో కూతురు తల్లివద్ద సూది పట్టదు. సూది పట్టువారు లేనినాడు గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడు పటము మాత్రమే.

ఆంధ్రదేశమునకు దూరముగా, ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగు తెలుగు కుటుంబముల పెట్టెలలో పుట్టింటివారు పెట్టిన లేసుగుడ్డ యొకటి తరచుగా నుండును. పండుగనాడు దానిని బల్లపై పరచునప్పుడు పువ్వులను మెచ్చుకొనుట పరిపాటి. ఒక్కసారి దానిని తిరుగవేసి చూచినచో రెండు పువ్వుల నడుమ చిన్న ముడి యొకటి కనిపించును. ఎవరో ఒకామె, తానెన్నడును చూడని మరియొకామె పనిని తన పనిగా ఎంచి, జాగ్రత్తగా వేసిన ముడి అది. ఇన్నేండ్లుగా గుడ్డ విడిపోక నిలిచినది దాని మూలముననే.