సమాధుల దొడ్డిలో మా ఊరు

ఫిరంగిపురం అనగానే ఎవరికైనా బాలయేసు గుడి గుర్తొస్తుంది, లేదా జులైలో కార్మెల్ మాత కొండెక్కే జనం గుర్తొస్తారు. ఊరి చరిత్ర చెప్పేవాళ్ళు కూడా గుడి కట్టించిన డీక్‌మన్ స్వామితో మొదలుపెట్టి తిరునాళ్ళతో ముగిస్తారు. ఇక్కడి కతోలికులు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలంటే మాత్రం నవంబరు 2న, సమాధుల పండుగనాడు, సమాధుల దొడ్డికి రావాలి.

పని వారం ముందే మొదలవుతుంది. వానలకు కుంగిన మట్టి సమాధుల మీద కొత్త మట్టి పోసి, తడిపి, పారతో చదును చేస్తారు. కట్టుబడి సమాధులకు సున్నం కొడతారు. సిలువ మీద వెలిసిపోయిన పేరును ఏ మనవడో నల్లరంగుతో దిద్దుతుంటే, నాయనమ్మ పక్కనే నిలబడి, "ఇన్నాసయ్య అని నిండుగా రాయరా, ఇన్నయ్య అని కాదు" అంటుంది. పండుగనాడు పూజ అయ్యాక ఫాదర్ గారు తీర్థం చల్లుకుంటూ వరసల మధ్య నడుస్తారు. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడి, "ఫాదర్ గారూ, ఇటు కూడా" అని పిలుస్తారు. తనవాళ్ళెవరూ రాని సమాధి మీద పక్క సమాధి వాళ్ళే ఒక కొవ్వొత్తి, నాలుగు బంతిపూలు పెడతారు.

ఆ పేర్లు చదువుకుంటూ పోతే చరిత్ర దొరుకుతుంది. ఇన్నాసి, రాయప్ప, శౌరి అన్నవి తమిళ దేశం మీదుగా వచ్చిన పునీతుల పేర్లు. వాటి చివర రెడ్డి అని ఉంటుంది. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు మీదుగా అనంతపురం సీమ దాకా వెళ్ళారు. అక్కడ జ్ఞానస్నానం పొందిన రెడ్ల కుటుంబాలు కొన్ని తరవాత కొండవీటి సీమకూ పల్నాటికీ వలస వచ్చాయి. ఫిరంగిపురం, రెంటచింతల లాంటి ఊళ్ళలో కుదురుకున్నాయి.

1773లో రోము యేసుసభనే రద్దు చేసింది. ఆ తరవాత ఈ సీమలో గురువులు కరువయ్యారు. 1875లో మిల్ హిల్ సభ గురువులు వచ్చేదాకా, ఇంచుమించు నూరేళ్ళు, ఇక్కడివాళ్ళకు పూజ దొరకడమే అరుదు. గురువు లేకపోతే దివ్యసత్ప్రసాదం లేదు, పాపసంకీర్తనం లేదు. చావు మాత్రం గురువు కోసం ఆగదు. శవం చుట్టూ కూర్చుని జపమాల చెప్పాల్సింది, గోతిలో మట్టి వేస్తూ ఆత్మకు విశ్రాంతి అడగాల్సింది ఇంటి పెద్దలే. ఆ కాలంలో వేదాన్ని నిలబెట్టింది చావింటి జపమాలేనని నా గట్టి నమ్మకం. పసివాళ్ళు మంత్రాలు నేర్చుకున్నది కూడా అక్కడే, రాత్రంతా పెద్దల మధ్య మేలుకుని.

తెలుగు కతోలికుల పాత కావ్యాల్లో పింగళి ఎల్లనార్యుడి తోభ్య చరిత్రము ఉందంటే నాకు ఆశ్చర్యం లేదు. ప్రవాసంలో, నీనెవె నగరంలో, ప్రాణానికి తెగించి శవాలను పాతిపెట్టిన తోబీతు కథ అది. పండుగపూట భోజనానికి కూర్చున్న తోబీతు, వీధిలో తనవాడొకడి శవం పడి ఉందని వినగానే ముద్ద ముట్టకుండా లేచి వెళ్తాడు. పొద్దు గుంకాక పాతిపెట్టి వస్తే ఇరుగుపొరుగు నవ్వుతారు. మా చుట్టాల్లో లూథరన్లు ఉన్నారు. వాళ్ళ బైబిల్లో ఈ తోబీతు గ్రంథం లేదు, మక్కబీయుల గ్రంథమూ లేదు. "పోయినవాళ్ళ తీర్పు అయిపోయింది గదా, ఇంకా ప్రార్థన దేనికి?" అని వాళ్ళు ప్రేమగానే అడుగుతారు. యుద్ధంలో కూలినవాళ్ళ పాపపరిహార బలి కోసం యూదా మక్కబీయుడు రెండు వేల వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. మేము దాన్నే చూపిస్తాం. ప్రేమ చావుతో తెగదు, దేవుని ముందు ఒకరి కోసం ఒకరు అడగడం కూడా తెగదు. ఉత్తరించు స్థలం గురించి మాకు తెలిసిన వేదాంతం అంతే. కొండమీది కార్మెల్ మాత ఉత్తరీయం మెడలో వేసుకునేది కూడా, ఆ తల్లి ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు తోడు నిలుస్తుందనే.

ఈ సమాధుల పండుగను వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో తన మఠాలన్నిటిలో పెట్టించాడు. 1915లో, ప్రపంచయుద్ధంలో పీనుగులు గుట్టలు పడుతున్నప్పుడు, 15వ బెనడిక్టు పాపు గారు ఆ రోజున ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని అనుమతిచ్చారు. వాటిలో ఒకటి మరణించిన విశ్వాసులందరి కోసం. మా జిల్లాకు ఆ 'అందరి' పూజ మరీ అవసరం. నందన నామ సంవత్సరపు కరువులో, 1832–33లో, 5 లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో 1.5 లక్షల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎందరికి గొయ్యి దక్కిందో! 2020లో కరోనాతో పోయినవాళ్ళను కూడా ఇంటివాళ్ళు దూరంగా నిలబడే సాగనంపారు. నవంబరు మొదటి ఎనిమిది రోజుల్లో సమాధులను దర్శించి ప్రార్థిస్తే చనిపోయినవారికి దక్కే వరాన్ని ఆ ఏడు రోము నెలంతా పొడిగించింది.

బాధతో రాయాల్సిన మాట ఒకటుంది. తెలుగునాట చాలా ఊళ్ళలో కతోలికుల సమాధుల దొడ్లు కులానికొకటిగా ఉన్నాయి. గుళ్ళో ఒకే అప్పం తిన్నవాళ్ళం, ఒకే తీర్థం నెత్తిన చల్లించుకున్నవాళ్ళం, మట్టిలోకి వెళ్ళేటప్పుడు గోడ కట్టుకుంటున్నాం. భారతదేశ మేత్రాణులు 2016లో దళితుల కోసం ప్రత్యేక విధానం ప్రకటించారు. గోడ పడగొట్టాల్సింది మాత్రం ఊరివాళ్ళే. గోడ ఉన్నన్నాళ్ళు సకల ఆత్మల కోసం చేసే ప్రార్థన మన నోట నిండుగా పలకదు.

చనిపోయిన ప్రతివారి వివరం విచారణ మరణాల పుస్తకంలో ఎక్కాలన్నది శ్రీసభ చట్టం. ఆ పుస్తకంలో పేరు, తేదీ ఉంటాయి. మనిషి ఉండడు. నవంబరులో పూజకిచ్చే చీటీల్లో మాత్రం "మా మేనత్త బాలమ్మ, పురిట్లో పోయింది" లాంటి మాటలుంటాయి. నెల గడిచాక ఆ చీటీలు పారేస్తున్నారు. వాటిని ఒక నోటుపుస్తకంలో ఎక్కించాలని నా కోరిక. హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి అమ్మానాన్నల వర్ధంతి పూజలకు డబ్బు పంపే పిల్లలు మన ఊరికి చాలామందే ఉన్నారు. ఈసారి పంపేటప్పుడు పేరుతోపాటు ఇంటిపేరు, ఏ ఊరి ఆడపడుచో, ఏ పని చేసి బతికారో కూడా నాలుగు ముక్కలు రాసి పంపండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళ తాతల పేర్లు ఇప్పుడే అడిగి రాసుకోండి. సమాధి ఎక్కడుందో తెలియనివాళ్ళ పేర్లు ముందు రాయండి.